మూడొందల ర్యాంకు



మాది బోనకల్. ఖమ్మం నుంచి మధిర వెళ్లే రైలుదారిలో స్టేషన్ ఉన్న ఊరు. సాగర్ ఎడమ కాలువలో నీళ్లు వదిలారా లేదా, పత్తి ఎంత పలికింది, మిర్చికి తెగులు తగిలిందా, ఇవీ మా దగ్గర పొద్దున లేస్తే వినబడే మాటలు. టెన్నిస్ బంతి తెలియని పిల్లాడు మా ఊళ్లో లేడు. కాకపోతే దానితో వాళ్లు ఆడేది క్రికెట్. టెన్నిస్ కోర్టు అనేది కంటితో చూడాలంటే ఖమ్మం దాకా పోవాల్సిందే. అటువంటి ఊరి మనిషికి టెన్నిస్ గురించి ఏం తెలుసని మీరు అడగొచ్చు. నాకున్నది ఒకటే అర్హత. పేపర్లో ఆటల పేజీని చివరి అక్షరం దాకా చదువుతాను.

ఆ పేజీ అడుగున, క్రికెట్ అంతా అయిపోయాక, మూడు నాలుగు పంక్తుల వార్తలు కొన్ని ఉంటాయి. 'తొలి రౌండులోనే సహజ ఓటమి.' 'క్వార్టర్స్ చేరిన శ్రీవల్లి.' ఏదో ఊరు, ఎవరో ప్రత్యర్థి, 4-6, 6-7 అని ఒక స్కోరు. ఫొటో ఉండదు. రేపు ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్తుందో, ఏం తింటుందో, ఈ ఆటతో ఆమెకు పూట గడుస్తుందో లేదో ఆ వార్త చెప్పదు. ఇవాళ నేను మాట్లాడేది ఆ నాలుగు పంక్తుల మనుషుల గురించి. టెన్నిస్ వాళ్లకు కాలక్షేపం కాదు, ఉద్యోగం. నాకు తెలిసినంతలో ఇంత కష్టమైన ఉద్యోగాలు లోకంలో చాలా తక్కువ.

టెన్నిస్ అంటే మనకు సానియా మీర్జా. అందులో తప్పు లేదు. 2005 ఫిబ్రవరిలో మన హైదరాబాద్‌లోనే ఆమె మహిళల టెన్నిస్ సంఘం, డబ్ల్యూటీఏ అంటారు, వాళ్ల సింగిల్స్ టైటిల్ గెలిచింది. అంతకు ముందు ఏ భారతీయ మహిళా గెలవలేదు. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లింది. 2007లో సింగిల్స్ ర్యాంకు 27. 2015లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది, అదే ఏడాది మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ డబుల్స్ గెలిచింది. చిన్నప్పుడు ఆవుపేడతో అలికిన కోర్టుల మీద ఆడానని తనే చెప్పుకుంది. ఆ మాట చదివినప్పుడు, ఈ ఆట మరీ అంత పరాయిదేం కాదులే అనిపించింది నాకు.

కానీ సానియాను చూశాక మనకు ఒక చెడ్డ అలవాటైంది. 27 చూసిన కంటికి 300 ఆనడం లేదు.

2024లో యామలపల్లి సహజ సింగిల్స్‌లో దేశంలో మొదటి స్థానంలో నిలబడింది. తెలుగమ్మాయి. అమెరికా వెళ్లి అక్కడి కాలేజీ టెన్నిస్ ఆడి, తర్వాత ప్రొఫెషనల్ అయింది. దేశంలో ఒకటో నంబరు అయినా ప్రపంచంలో అప్పుడు ఆమె ర్యాంకు మూడొందలకు అటూ ఇటూనే. ఇంత పెద్ద దేశంలో అందరికన్నా పైనున్న అమ్మాయి ప్రపంచంలో మూడొందలో మనిషా అని పెదవి విరిచేవాళ్లున్నారు. పెదవి విరిచే ముందు ఒక సంగతి వినండి. అదే 2024లో, ఫిబ్రవరి నెలలో, ముంబై ఓపెన్ తొలి రౌండులో సహజ ఎదురుగా ఆ టోర్నీ టాప్ సీడ్ నిలబడింది. అమెరికా అమ్మాయి కేలా డే, తొలి వంద ర్యాంకుల్లో ఉన్న ఆటగత్తె. మూడు సెట్ల ఆటలో సహజ ఆమెను ఇంటికి పంపింది. మూడొందల ర్యాంకుకూ వంద ర్యాంకుకూ మధ్య ఒక పూట ఆటలో ఉండే తేడా అంతే. ఆ తేడా మాయమయ్యే పూటలు ఏడాదిలో ఎన్ని వస్తాయన్నదే అసలు పేచీ.

ర్యాంకు ఎలా వస్తుందో చెబితే ఈ పేచీ అర్థమవుతుంది.

మనం టీవీలో చూసే టెన్నిస్ పైఅంతస్తు. దాని కింద అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, ఐటీఎఫ్ అంటారు, వాళ్లు ప్రపంచమంతా నడిపే టోర్నీలుంటాయి. ఆడవాళ్ల టోర్నీలను డబ్ల్యూ 15, డబ్ల్యూ 35, డబ్ల్యూ 50, డబ్ల్యూ 75, డబ్ల్యూ 100 అని పిలుస్తారు. డబ్ల్యూ 15 అంటే టోర్నీ మొత్తానికి బహుమతి సొమ్ము 15,000 డాలర్లు. గెలిచినమ్మాయికి దక్కేవి 15 పాయింట్లు. వింబుల్డన్ లాంటి గ్రాండ్‌స్లామ్ గెలిస్తే ఎన్నో తెలుసా? 2,000. డబ్ల్యూ 15లో మొదటి మ్యాచ్ ఓడితే సున్నా. ఒక మ్యాచ్ గెలిచి రెండోది ఓడితే ఒకే ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు కోసం దేశాలు దాటి వచ్చినవాళ్లు ఆ డ్రాలో ముప్పై మంది ఉంటారు.

కష్టపడి తెచ్చుకున్న పాయింటు కూడా ఏడాదే ఉంటుంది. 52 వారాలు తిరిగేసరికి జాబితాలోంచి పోతుంది. పోయిన డిసెంబరులో ఒక టోర్నీ గెలిచావనుకో, ఈ డిసెంబరు వచ్చేసరికి అంత ఆట మళ్లీ ఆడితేనే ఉన్నచోట ఉంటావు. జ్వరం వచ్చి మంచం ఎక్కితే, వీసా చేతికి రాకపోతే, చీలమండ బెణికితే, ఓడకుండానే కిందికి దిగిపోతావు. గాయంతో ఆరు నెలలకు మించి ఆటకు దూరమైతే పాత ర్యాంకుతో కొన్ని టోర్నీల్లోకి ప్రవేశమిచ్చే ఏర్పాటు ఒకటి ఉంది. అది తలుపు తీస్తుంది, లోపల ఆడి గెలవాల్సింది మళ్లీ తనే.

ఇక డబ్బు సంగతి. దీని దగ్గర కాస్త నిలబడతాను. మాట్లాడాల్సిన చోటు ఇదే, ఎవరూ మాట్లాడనిదీ ఇదే.

డబ్ల్యూ 15 టోర్నీలో కప్పు గెలిచినమ్మాయికి ముట్టేది సుమారు రెండు లక్షల రూపాయలు. వారం రోజుల్లో ఐదు మ్యాచ్‌లు వరసగా గెలిస్తే ఆ మాట. మొదటి రౌండులో ఓడితే పన్నెండు పదమూడు వేల రూపాయలకు మించి రావు, అందులోంచి ఆ దేశం పన్ను పట్టుకుంటుంది. విమానం టికెట్టు, హోటల్ గది, తిండి, రాకెట్‌కు స్ట్రింగులు వేయించడం, ఫిజియో, అన్నీ ఆమె జేబులోంచే. కోచ్‌ను వెంట తీసుకెళ్తే అతనికీ ఇంకో టికెట్టు, ఇంకో గది. అందుకే మూడొందల ర్యాంకుల్లో చాలామంది కోచ్ లేకుండానే తిరుగుతారు. కొందరికి అమ్మో నాన్నో తోడు వెళ్తారు. ఎదురాటగత్తె ఆట ఎలా ఉందో చూసి చెప్పేది, బట్టలు ఉతికేది, ఓడిన రాత్రి పక్కన కూర్చునేది అన్నీ వాళ్లే.

ఐటీఎఫ్ తానే ఒకసారి ఈ లెక్క తీసింది. 2013లో ప్రపంచంలో ప్రొఫెషనల్ టోర్నీలు ఆడినవాళ్లు దాదాపు 14,000 మంది అని తేలింది. అందులో ఇంచుమించు సగం మందికి బహుమతి సొమ్ము ఒక్క డాలరు కూడా రాలేదు. వచ్చినవాళ్లలోనైనా పెట్టిన ఖర్చు తిరిగి రావాలంటే ర్యాంకు ఎంత ఉండాలో చూశారు. మగవాళ్లకు 336, ఆడవాళ్లకు 253. అదీ కోచ్ ఖర్చు కలపకుండా వేసిన లెక్క. అంటే ప్రపంచంలో 253వ ఆడమనిషికి లాభం లేదు, నష్టం లేదు. 254వ మనిషి నుంచి చేతి డబ్బు పడుతుంది. అది 2013 నాటి మాట, నిజమే. కానీ ఆ తర్వాత విమానం టికెట్లూ హోటల్ గదులూ పెరిగినట్టు అట్టడుగు టోర్నీల బహుమతి పెరగలేదు. ఏళ్ల తరబడి 10,000 డాలర్లుగా ఉన్నదాన్ని 2017లో 15,000 చేశారు.

మన మెట్ట మీద మిర్చి వేసే కౌలు రైతుకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. కౌలు ముందే కట్టాలి, నారు, మందులు, కూలి ముందే పెట్టాలి, కాయ ఖమ్మం మార్కెట్‌కు చేరిన రోజు ధర ఎంతుంటే అంత. ఒక ఏడు బాగా పలికిందని మళ్లీ వేస్తాడు. రెండేళ్లు మునిగినా, మూడో ఏడు ఆశ చావదు. ఈ అమ్మాయిలూ అంతే. తేడా ఒకటే, రైతుకు పక్క చేను వాడి కష్టం తెలుసు. వీళ్ల కష్టం పక్కింటివాళ్లకు కూడా తెలియదు. విదేశాలు తిరుగుతోంది, పెట్టిపుట్టింది అనుకుంటారు.

మరి ఆ ఆశ ఎక్కడుంది? ర్యాంకుల జాబితాలో రెండు వందల ముప్పై, ఆ దగ్గర్లో ఉంది. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో 128 మంది ఆడతారు. వాళ్లలో 104 మంది ర్యాంకు మీదనే నేరుగా వస్తారు. మిగిలిన చోట్లలో 16 ముందుగా జరిగే క్వాలిఫయింగ్ పోటీలు గెలిచినవాళ్లవి. ఆ క్వాలిఫయింగ్‌లో ఇంకో 128 మంది ఉంటారు. కాబట్టి రెండొందల ముప్పై దగ్గరికి చేరితే చాలు, గ్రాండ్‌స్లామ్ గేటు లోపలికి అడుగు పెట్టినట్టే. 2025 వింబుల్డన్‌లో క్వాలిఫయింగ్ మొదటి రౌండు ఓడినవాళ్లకు ఇచ్చింది 15,500 పౌండ్లు. మన డబ్బుల్లో పద్దెనిమిది లక్షల దాకా. మెయిన్ డ్రాలో మొదటి రౌండు ఓడితే 66,000 పౌండ్లు. ఓడితేనే! 300వ ర్యాంకు అమ్మాయి చిన్న టోర్నీలో కప్పు గెలిచినా చేతికి రాని సొమ్ము, 230వ ర్యాంకు అమ్మాయి వింబుల్డన్ క్వాలిఫయింగ్‌లో గంటసేపు ఆడి ఓడి తెచ్చుకుంటుంది. డెబ్భై మెట్ల తేడాకు ఇంత తేడా పెట్టిన ఆటను న్యాయమైన ఆట అని నేననలేను. డబ్బు ఉన్నచోటే డబ్బు పోసే పద్ధతి ఇది. పైన పెంచుతున్న దానిలో పిసరంత కిందికి జార్చినా ఈ మూడొందల ర్యాంకుల వాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

మన పక్కనే ఇంకో రకం కథ ఉంది. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష. 2023లోనూ 2025లోనూ అండర్-19 మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. 2025లో ఆ టోర్నీ చరిత్రలోనే తొలి సెంచరీ కొట్టి, టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయల నజరానా ప్రకటించింది. బిడ్డ ఆట కోసం ఆ తల్లిదండ్రులు భద్రాచలం వదిలి జంట నగరాలకు మారారు. త్రిష కష్టం ఎవరికీ తీసిపోదు. కానీ క్రికెట్‌లో జట్టు ఉంటుంది, బోర్డు ఉంటుంది, ప్రయాణం వాళ్లు చూసుకుంటారు, మ్యాచ్ ఫీజు గెలిచినా ఓడినా వస్తుంది. టెన్నిస్ అమ్మాయికి ఇవేవీ లేవు. ఎవరూ ఆమెను సెలెక్ట్ చేయరు, ఎవరూ తీసేయరు. ఏ ఊరు వెళ్లాలో, ఏ టోర్నీలో పేరివ్వాలో, ఎప్పుడు మానుకోవాలో అన్నీ తనే తేల్చుకోవాలి.

వాళ్ల వారం ఎలా ఉంటుందో చెప్తాను. టోర్నీకి ముందు క్వాలిఫయింగ్. మంగళవారం నాటికి మెయిన్ డ్రా మొదలవుతుంది. ఆదివారం ఫైనల్. మంగళవారం ఓడిపోయిన అమ్మాయికి మళ్లీ టోర్నీ మొదలయ్యే దాకా నాలుగైదు రోజులు ఖాళీ. ఇంటికి పోయి రావడానికి డబ్బు చాలదు. ఉన్నచోటే ఉంటే గది అద్దె. ట్యునీషియాలో మొనాస్టిర్, టర్కీలో అంటాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్, ఇటువంటి చోట్ల సముద్రం ఒడ్డు హోటళ్ల కోర్టుల్లో వారం వెంట వారం ఇవే చిన్న టోర్నీలు నడుస్తుంటాయి. అవే కోర్టులు, అదే భోజనం, అవే ముఖాలు. ఖర్చు కలిసొస్తుందని ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఒకే గది తీసుకుంటారు. రాత్రి పక్కపక్క మంచాల మీద పడుకున్న ఇద్దరు పొద్దున నెట్‌కు చెరో వైపు నిలబడాల్సి వస్తుంది. బంతులందించే పిల్లలు ఉండరు, తన బంతి తనే ఏరుకోవాలి. చూసేవాళ్లు పది మంది ఉంటే గొప్ప. వాళ్లలో నలుగురు తర్వాతి మ్యాచ్ ఆడాల్సినవాళ్లు.

చూసేవాళ్లు లేకపోయినా పందెం కాసేవాళ్లకు కరువు లేదు. ఈ చిన్న మ్యాచ్‌ల స్కోరు కూడా పాయింటు పాయింటుకూ ఫోన్లలోకి ఎక్కుతుంది. దాని మీద ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో బెట్టింగ్ కాస్తారు. టెన్నిస్‌లో నిజాయితీ మీద విచారణ చేసిన స్వతంత్ర సంఘం 2018లో నివేదిక ఇచ్చింది. వాళ్లు అడిగిన 3,200 మంది పైచిలుకు ఆటగాళ్లలో 464 మంది, మ్యాచ్ ఫిక్సింగ్ సంగతి తమకు నేరుగా తెలుసన్నారు. రోగం ఎక్కువగా ముదిరింది కింది స్థాయిలోనే అని ఆ నివేదిక తేల్చింది. ఎందుకు ముదరదు? గెలిస్తే వచ్చేదానికన్నా ఒక సెట్టు వదిలేస్తే ఎక్కువిస్తామని ఫోనులో ఎవడో అంటున్నప్పుడు, వచ్చే వారం విమానం టికెట్టుకు డబ్బు లేని మనిషి ఆ మాట వినకుండా ఉండటమే గొప్ప. ఎక్కువమంది వినరు. విననివాళ్ల గురించి వార్త రాదు.

డబ్బు పోగొట్టుకున్న పందెంరాయుళ్లు ఊరుకుంటారా? ఓడిన అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లోకి వచ్చి పడతారు. బూతులు, చంపుతామన్న బెదిరింపులు. 2024 ఒక్క ఏడాదిలో 458 మంది టెన్నిస్ ఆటగాళ్లకు ఇలాంటి సందేశాలు దాదాపు 8,000 వచ్చాయని డబ్ల్యూటీఏ, ఐటీఎఫ్ కలిసి 2025లో ప్రకటించాయి. అందులో 40 శాతం బెట్టింగ్‌లో ఓడినవాళ్ల పనే. మన ఊళ్లలో కూడా ఫోన్లలో ఈ పందేలు కాసే కుర్రాళ్లున్నారు. నాయనా, నువ్వు పందెం కాసిన ఆ పేరు వెనక ఒక ఇంటి ఆడపిల్ల ఉంది, గుర్తు పెట్టుకో.

ఈ బతుకు మన పిల్లలదే అనుకోకండి. టెన్నిస్‌లో పేరున్న దేశాల్లోనూ ఇదే వరస. స్టెఫీ గ్రాఫ్ పుట్టిన జర్మనీనే తీసుకోండి. అక్కడ లారా సీగెముండ్ అనే ఆమె ఉంది. చిన్నప్పుడే పెద్ద ఆటగత్తె అవుతుందన్నారు. ఏళ్లు గడిచాయి, కాలేదు. చిన్న టోర్నీలు, గాయాలు, వందల్లో ర్యాంకు. ఒక దశలో ఇక చాలనుకుని దూరవిద్యలో సైకాలజీ చదువులో పడింది. డిగ్రీకి ఆమె రాసిన పరిశోధన దేని మీదో తెలుసా? ఒత్తిడి ముంచుకొచ్చినప్పుడు మనిషి చేతులెందుకు ఆడవన్న దాని మీద. తన రోగానికి తనే వైద్యం చదువుకుంది. ఆట మాత్రం పూర్తిగా వదల్లేదు. 27 ఏళ్లు నిండాక, 2015లో, తొలిసారి తొలి వందలోకి వచ్చింది. 2017లో తన సొంత ప్రాంతపు స్టుట్‌గార్ట్ టోర్నీ గెలిచింది. నెల తిరక్కుండానే మోకాలి లిగమెంటు తెగింది. మళ్లీ లేచింది. 2020లో యూఎస్ ఓపెన్ డబుల్స్ గెలిచింది. 2025లో, 37 ఏళ్ల వయసులో, వింబుల్డన్ సింగిల్స్ క్వార్టర్ ఫైనల్ ఆడింది. 24 ఏళ్లప్పుడు ఆమె ర్యాంకు చూసి ఇక ఇంతేనని తీర్పు చెప్పినవాళ్లు తర్వాత ఏమన్నారో నాకు వినాలని ఉంది.

ఆమె అన్నేళ్లు ఎలా నిలబడిందో అడగాలి. పట్టుదల ఉంది, సరే. పట్టుదల మన పిల్లలకూ ఉంది. జర్మనీలో ఊరూరా టెన్నిస్ క్లబ్బులున్నాయి, ఎనిమిది వేలకు పైగా. సభ్యులు పదమూడు లక్షలు దాటి ఉంటారు. ఆ క్లబ్బులు ఒకదానితో ఒకటి లీగులు ఆడతాయి. పైస్థాయి లీగును బుండెస్‌లీగా అంటారు. మంచి ర్యాంకున్న అమ్మాయిలను క్లబ్బు డబ్బిచ్చి పిలిపించుకుని తమ తరపున ఆడిస్తుంది. వేసవిలో కొన్ని మ్యాచ్‌లు ఆడితే రెండొందలు మూడొందల ర్యాంకు అమ్మాయికి మిగతా ఏడాది తిరుగుడు ఖర్చు కొంత గడుస్తుంది. క్లబ్బు సభ్యులు బీరు తాగుతూ చూసి చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు. ఆ ఊరికి ఆ అమ్మాయి ర్యాంకుతో పనిలేదు, తమ క్లబ్బు గెలిస్తే చాలు. ఆటగాడి కింద ఇటువంటి నేల ఉండాలి. మన జిల్లా కేంద్రాల్లో ఆఫీసర్ల క్లబ్బుల కోర్టులున్నాయి, అక్కడ సాయంత్రం పెద్దమనుషులు చెమట పట్టేదాకా ఆడుకుని వెళ్తారు. అక్కడినుంచి ఒక పిల్ల పైకొచ్చే దారి మనం వేయలేదు.

హైదరాబాద్‌లో అకాడమీలు వచ్చాయి. సానియా పేరున ఉన్నది 2013లో మొయినాబాద్ దగ్గర మొదలైంది. ప్రతిభ మాత్రం ముందునుంచీ ఉంది. యడ్లపల్లి ప్రాంజల జూనియర్లలో ప్రపంచంలో తొలి ఇరవైలో ఉండేది. పెద్దల ఆటలోకి వచ్చి 2019 నాటికి తొలి మూడొందల్లో చేరింది. సరిగ్గా ఆ వయసులో, ఆ ర్యాంకులో, ఇంకో యాభై మెట్లు ఎక్కితే గ్రాండ్‌స్లామ్ గేటు. గాయాలు పట్టుకున్నాయి. దాని మీద కరోనా. ముందే చెప్పాను, ఈ ఆటలో పాయింట్లు ఎవరి కోసమూ ఆగవు. ప్రాంజలను విఫలమైన ఆటగత్తె అనేవాళ్లతో నేను పోట్లాటకు దిగుతాను.

మగపిల్లల్లో మైనేని సాకేత్‌ది కొంచెం మెరుగైన కథ. అతనూ అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం తరపున కాలేజీ టెన్నిస్ ఆడి వచ్చినవాడే. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. 2016లో యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రా ఆడాడు. అమెరికా కాలేజీ దారి మన వాళ్లకు బాగా పనికొస్తోంది. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఇస్తారు, కోచ్‌ను ఇస్తారు, చివరికి చేతిలో డిగ్రీ మిగులుతుంది. ఆట కలిసి రాకపోయినా మనిషి రోడ్డున పడడు.

ఇక భమిడిపాటి శ్రీవల్లి రష్మిక గురించి చెప్పకుండా ముగించలేను. 2002లో పుట్టిన హైదరాబాద్ అమ్మాయి. పొడుగరి, సర్వీసులో బలం ఉంది. 2025 ఏప్రిల్‌లో పుణెలో బిల్లీ జీన్ కింగ్ కప్ ఆసియా-ఓషియానియా పోటీలు జరిగాయి. ఆడవాళ్లకు టెన్నిస్‌లో దేశం తరపున ఆడే పోటీ అది, పాత పేరు ఫెడ్ కప్. అప్పుడు శ్రీవల్లి ర్యాంకు మూడొందల పైమాటే. న్యూజిలాండ్, థాయ్‌లాండ్, హాంకాంగ్, చైనీస్ తైపీ, కొరియా, ఇవీ ఎదురు దేశాలు. వారం రోజుల్లో ఐదు సింగిల్స్ మ్యాచ్‌లు ఆడింది. ఐదూ గెలిచింది. భారత జట్టు రెండో స్థానంలో నిలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది. అంతకు ముందు మనం అక్కడికి వెళ్లింది ఒకే ఒక్కసారి, 2020లో, సానియా ఉన్న జట్టుతో. నవంబరులో బెంగళూరులో ప్లేఆఫ్స్ ఓడిపోయాం, అది వేరే సంగతి. పుణెలో ఆ వారం చేసిన పనికి మన పేపర్లలో ఎంత చోటు దొరికిందో నేను చూశాను. అదే వారం ఐపీఎల్ నడుస్తోంది మరి.

దేశం జెర్సీ వేసుకుంటే జట్టు ఉంటుంది, కెప్టెన్ పక్కన కూర్చుంటాడు, ఊపే జెండాలుంటాయి. అది ఏడాదిలో ఒక వారం, మహా అయితే రెండు. మిగతా యాభై వారాలు మళ్లీ ఒంటరి ప్రయాణమే. ఆ యాభై వారాలూ తనే ఖర్చు పెట్టుకుని నేర్చుకున్న ఆటతోనే ఆ ఒక్క వారం శ్రీవల్లి దేశాన్ని గెలిపించింది. ఆ యాభై వారాల్లో మన వాటా ఎంతని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డ చేతికి రాకెట్టిచ్చేటప్పుడు సానియాను చూసి ఇవ్వకండి, సహజనూ శ్రీవల్లినీ ప్రాంజలనూ చూసి ఇవ్వండి. ఆ లెక్క తెలిసి కూడా ఇవ్వాలనిపిస్తే నిశ్చింతగా ఇవ్వండి. చదువు మాత్రం ఆపించకండి. సీగెముండ్ కష్టకాలంలో నిలబడింది చదువు ఆసరాతోనే. బిడ్డ ఇరవై రెండేళ్లకు మూడొందల ర్యాంకులో ఉంటే, ఇంకా ఎప్పుడమ్మా అని అడగకండి. ఆ వయసుకే ప్రపంచం మొత్తంలో ఆమెకన్నా బాగా ఆడేవాళ్లు మూడొందల మందే ఉన్నారు. మన మండలంలో, జిల్లాలో, ఏ పనిలోనైనా ప్రపంచంలో తొలి మూడొందల్లో ఉన్న మనిషి ఎవరో నాకొకరిని చూపించండి.

పెద్ద కంపెనీలకూ ప్రభుత్వానికీ ఒక మాట. కప్పు గెలిచి వచ్చాక కోటి ఇవ్వడం మంచిదే, వద్దనను. కప్పు రాకముందు, మూడొందల్లో ఉన్నప్పుడు, ఏడాదికి పది విమానం టికెట్లు, ఒక కోచ్ జీతం చూసుకుంటే అది కోటికన్నా తక్కువకే వస్తుంది, కోటికన్నా ఎక్కువ పని చేస్తుంది.

చివరగా మీకు. చలికాలంలో మన దేశంలో పుణె, బెంగళూరు, షోలాపూర్, నవీ ముంబై వంటి ఊళ్లలో ఈ ఆడవాళ్ల ఐటీఎఫ్ టోర్నీలు జరుగుతుంటాయి. చాలాచోట్ల టికెట్టు కూడా ఉండదు. ఏ పెళ్లికో ఆసుపత్రి పనికో అటువైపు వెళ్లినప్పుడు ఒక పూట తీరిక చేసుకుని చూడండి. డ్రాలో తెలుగు పేరు కనబడితే ఆ కోర్టు పక్కన కూర్చోండి. పాయింటు గెలిచినప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టండి. అక్కడ కొట్టేవాళ్లు తక్కువ.